మిద్దె మీద చల్లని పొగ: ఆహారానికి పొగ పట్టించే జనరేటరును ఇంట్లో తయారు చేసుకొని పరీక్షించే విధానం

ఆహారానికి పొగ పట్టించడమంటే చాలామందికి నిప్పుల మీద మాంసం కాల్చడమే గుర్తుకు వస్తుంది. ఇక్కడ చెప్పబోయేది అది కాదు. చల్లని పొగ ఆహారాన్ని ఉడికించదు, వేడి చేయదు. పక్కనే మంట లేకుండా రాజుకుంటున్న కట్టె నుండి పుట్టిన పొగ, దారిలోనే చల్లబడి, 25 డిగ్రీల సెల్సియస్‌కు మించని వేడితో పదార్థాన్ని తాకి, తన వాసననూ రంగునూ దానికి ఇచ్చి బయటికి వెళ్ళిపోతుంది. కట్టెల పొయ్యి ఉన్న కాలంలో మన ఇళ్ళలో ఈ పని దానంతట అదే జరిగేది. విత్తనానికి ఎంచిన జొన్న కంకులను పురుగు పట్టకుండా పొయ్యికి పైన దూలానికి వేలాడగట్టేవారు. అటక మీది మిరపకాయలకూ చింతపండు కుండకూ అదే పొగ తగిలేది. గ్యాసు పొయ్యి వచ్చాక ఆ పొగతో పాటు ఆ వాసన కూడా వంటింటి నుండి వెళ్ళిపోయింది. కళ్ళు మండకుండా, ఇల్లు మసిబారకుండా ఆ వాసనను మాత్రం తిరిగి తెచ్చుకోవడానికి అనంతపురంలోని మా మిద్దె మీద నేను తయారు చేసి వాడుతున్న జనరేటరు ఇది. దీనిని మీరు ఎలా కట్టుకోవాలో, ఆహారం పెట్టకముందు ఏయే పరీక్షలు చేయాలో వరుసగా వివరిస్తాను.

ముందు ఒక విషయం మనసులో నాటుకోవాలి: ఈ పరికరంలో కిటుకంతా నిప్పులో లేదు, గాలిలో ఉంది. మన ఊళ్ళ హోటళ్ళలో చాలాకాలం నడిచిన పొట్టు పొయ్యిని చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. రంపపు పొట్టును డబ్బాలో గట్టిగా దట్టించి, మధ్యలో నిలబెట్టిన సీసాను లాగివేసి, కింది కంతలో నిప్పు పెడితే, మధ్యలోని ఖాళీ గుండా గాలి ధారాళంగా పైకి లేచి పొట్టు మంటగా మండుతుంది. అదే పొట్టుకు గాలి చాలకుండా చేస్తే మంట అణగిపోయి నివురుగప్పిన నిప్పులా లోపలే రాజుకుంటూ పొగను మాత్రం విడుస్తుంది. మనకు కావలసింది ఈ రెండవ స్థితి. కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం నెమ్మదిగా విడిపోయేటప్పుడు గ్వాయకోల్, సిరింగోల్ అనే వాసన ద్రవ్యాలు పుడతాయి. పొగకు మనం మెచ్చుకునే కమ్మదనం చాలావరకు వీటి వల్లనే వస్తుంది. నిప్పు మరీ వేడెక్కితే ఈ కమ్మని ద్రవ్యాలు కాలిపోవడమే కాక, ఒంటికి మంచివి కాని బెంజోపైరీన్ వంటి పదార్థాలు పెరుగుతాయి. కాబట్టి గాలిని అదుపు చేయడమంటే రుచినీ ఆరోగ్యాన్నీ ఒకే చేత్తో అదుపు చేయడమే.

ఎప్పుడు చేయాలి

ఈ ప్రశ్నకు సమాధానం రాయలసీమలో చాలా ముఖ్యం. చల్లని దేశాలవారు రాసిన పద్ధతులను చదివి, ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం పూట పెట్టె తెరిస్తే అందులో చీజు కరిగి కారిపోయి ఉంటుంది. బయటి గాలే 40 డిగ్రీలున్నప్పుడు పెట్టెలోని పొగను 25 డిగ్రీలకు దించే ఉపాయం ఇంట్లో లేదు. మార్గశిర, పుష్య మాసాలే ఈ పనికి తగిన కాలం. డిసెంబరు, జనవరి నెలల్లో అనంతపురంలో రాత్రి పూట వేడి 16, 18 డిగ్రీల దాకా దిగుతుంది, గాలి పొడిగా ఉంటుంది, తుపాను ముసురు లేని రోజుల్లో ఆకాశం తేటగా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలుపెట్టి ఎండ మిద్దెను తాకేలోగా ముగించడం నాకు అన్నిటికంటే అనుకూలంగా ఉంది, ఎందుకంటే పగలు కాగిన మిద్దె అప్పటికి పూర్తిగా చల్లబడి ఉంటుంది. కడప వైపువారికి రాత్రులు ఇంకొంచెం వెచ్చగా ఉంటాయి కనుక వారు సంక్రాంతికి అటూ ఇటూ ఉన్న వారాలను వదులుకోకూడదు. వేసవిలో చేయదగినది ఉప్పు ఒక్కటే. దానికి వేడితో నష్టం లేదు.

కావలసిన వస్తువులు

బాడీకి 3 అంగుళాల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు గల స్టెయిన్‌లెస్ స్టీలు పైపు ముక్క కావాలి. మెట్లకూ బాల్కనీలకూ స్టీలు రెయిలింగులు చేసే వెల్డింగ్ షాపులలో కోసి మిగిలిన ముక్కలు ఉంటాయి. అక్కడే దొరికే సన్నని అడ్డ పైపు, అంటే బయటి కొలత 16 మిల్లీమీటర్లు ఉండేది, 15 సెంటీమీటర్ల ముక్క ఒకటి తీసుకోండి. అది పొగ బయటికి వచ్చే గొట్టం. గాలి లోపలికి పోవడానికి పావు అంగుళం స్టీలు గొట్టం 20 సెంటీమీటర్లు కావాలి. ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర ఇదే కొలతలో రాగి గొట్టం ఎక్కడైనా దొరుకుతుంది కాని, నేను దానిని వాడవద్దంటాను. కట్టె పొగలో వెనిగర్‌లో ఉండే ఆమ్లమే ఉంటుంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే ఎలా చిలుము పడుతుందో, ఆ పొగ తగిలిన రాగికీ అలాగే పచ్చని చిలుము పడుతుంది.

అంతకంటే గట్టిగా చెప్పవలసినది జి.ఐ. పైపు గురించి. బోరు పనులలో మిగిలిన జి.ఐ. ముక్క ప్రతి ఇంట్లోనూ ఒకటి పడి ఉంటుంది కనుక చేయి మొదట దాని మీదికే పోతుంది. దాని మీద ఉన్నది జింకు పూత. నిప్పు తగిలే చోట, ఆమ్లం ఉన్న పొగ తగిలే చోట, ఆహారానికి పోయే దారిలో జింకు పూత ఉండకూడదు. అదే కారణంతో రంగు డబ్బాలనూ, సీసం కలిసిన టంకంతో అతికిన అతుకులనూ కూడా దూరంగా ఉంచాలి.

జల్లెడకు కొత్త వస్తువు కొనవలసిన పనిలేదు. కాఫీ ఫిల్టరులో పొడిని అదిమే చిల్లుల బిళ్ల ఈ పైపులో సరిపోతుంది. దాని కాడను కోసివేస్తే చాలు. మూతకు పైపు మీద బిగుతుగా కూర్చునే స్టీలు డబ్బా మూత సరిపోతుంది. ఇక గాలికి, చేపల తొట్టిలో పెట్టే చిన్న గాలి పంపు, దానితో పాటు గాలిని తగ్గించే చిన్న వాల్వు, గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు, ఒక మీటరు సిలికాన్ ట్యూబు కావాలి. నిమిషానికి 3 లేదా 4 లీటర్ల గాలి ఇచ్చే పంపు చాలు. అంతకంటే పెద్దది కొంటే దానిని అణచడమే ఒక పని అవుతుంది. కరెంటు పోయే అలవాటున్న వీధిలో ఉంటే, పవర్ బ్యాంకుతో నడిచే యు.ఎస్.బి. పంపును ఎంచుకోండి.

కట్టే పద్ధతి

పైపు అడుగున గుండ్రని స్టీలు రేకును ఆర్గాన్ వెల్డింగుతో మూయించాలి. అడుగు నుండి 3 సెంటీమీటర్ల ఎత్తున, చుట్టూ సమాన దూరంలో మూడు చిన్న స్టీలు బోల్టులను లోపలికి కాస్త పొడుచుకొని వచ్చేటట్లు బిగించి, వాటి మీద కాఫీ ఫిల్టరు బిళ్లను కూర్చోబెట్టాలి. కట్టె ముక్కలు దాని మీద ఉంటాయి, బూడిద చిల్లుల గుండా కిందికి రాలుతుంది.

తరువాత మూడు రంధ్రాలు వేయాలి. మొదటిది అడుగు నుండి 4.5 సెంటీమీటర్ల ఎత్తున 12 మిల్లీమీటర్ల రంధ్రం. నిప్పు అంటించేది దీని గుండానే, నిప్పుకు గాలి అందేది కూడా దీని గుండానే. రెండవది సరిగ్గా దానికి పైన, 7 సెంటీమీటర్ల ఎత్తున, సన్నని గాలి గొట్టం పట్టేటంత. మూడవది రెండవదానికి ఎదురుగా, అవతలి గోడలో, అదే 7 సెంటీమీటర్ల ఎత్తున, పొగ గొట్టం పట్టేటంత. పొగ గొట్టాన్ని ఒక సెంటీమీటరు లోపల, 14 సెంటీమీటర్లు బయట ఉండేటట్లు పెట్టి వెల్డింగ్ చేయించాలి. గాలి గొట్టాన్ని మాత్రం వెల్డింగ్ చేయించవద్దు. దానిని చేత్తో ముందుకూ వెనక్కూ జరపగలగాలి, ఎందుకంటే దాని కొన పొగ గొట్టం నోటిలో ఎంత లోపలికి ఉండాలో పరీక్షలోనే తేలుతుంది. మొదట ఒక సెంటీమీటరు లోపలికి ఉంచండి.

ఈ అమరిక ఎలా పనిచేస్తుందో ఊహించుకోవడానికి, వేగంగా పోయే లారీని తలుచుకోండి. లారీ పోయిన వెంటనే రోడ్డు మీది దుమ్మూ ఎండుటాకులూ లేచి దాని వెంట పరుగెత్తుతాయి. సన్నని గొట్టం నుండి దూసుకువచ్చిన గాలి పెద్ద గొట్టంలోకి పోతూ, పక్కనున్న పొగను అలాగే తన వెంట లాక్కుపోతుంది. లోపల ఖాళీ ఏర్పడిన మేరకు కింది రంధ్రం నుండి కొత్త గాలి నిప్పును తాకుతూ లోపలికి వస్తుంది. అంటే పంపు గాలి నిప్పు మీదికి ఊదదు. నిప్పు నుండి పొగను లాగుతుంది. ఈ తేడాను సరిగా పట్టుకోకపోవడం వల్లనే నా మొదటి జనరేటరు పాడయింది. రెండు రంధ్రాలను టేపుతో కాకుండా కంటి అంచనాతో గుర్తు పెట్టుకోవడంతో, గాలి గొట్టం కొన పొగ గొట్టం నోటికి రెండు మిల్లీమీటర్లు పక్కగా వచ్చింది. రెండు మిల్లీమీటర్లే కదా అని వదిలేశాను. పంపు వేయగానే గాలి అంచుకు తగిలి వెనక్కి తిరిగి, కట్టె ముక్కల మీదికే కొట్టింది. పది నిమిషాలలో కింది రంధ్రం నుండి నాలుకలా మంట బయటికి వచ్చింది. రంధ్రాలు వేయకముందే పైపు చుట్టూ ఒక కాగితపు పట్టీ చుట్టి, ఆ పట్టీని సరిగ్గా సగానికి మడిచి రెండు గుర్తులు పెట్టుకుంటే ఈ పొరపాటు జరగదు.

సిలికాన్ ట్యూబును గాలి గొట్టం బయటి కొనకు తొడగాలి. బయట ఉన్న 12 సెంటీమీటర్ల స్టీలు వేడిని దారిలోనే వదిలివేస్తుంది కనుక ట్యూబు కరగదు. పంపుకూ జనరేటరుకూ మధ్యలో వెనక్కి రానివ్వని వాల్వును తగిలించండి. కరెంటు పోయిన క్షణంలో పొగ ట్యూబు గుండా వెనక్కి వచ్చి పంపులోని రబ్బరు పొరకు జిడ్డు పట్టించకుండా ఇది ఆపుతుంది.

కట్టె సంగతి

మన సీమలో ఈ పనికి తగిన కట్టె ఏదని అడిగితే, ఎవరూ విలువ ఇవ్వని సర్కారు తుమ్మనే నేను ముందుగా చెబుతాను. చెరువు కట్టల మీద, బీళ్ళలో, రైలు పట్టాల పక్కన కంపగా పెరిగి రైతును విసిగించే ఈ చెట్టు మన దేశపుది కాదు. 1877లో జమైకా నుండి తెప్పించిన విత్తనాలతో దీనిని నాటినది మన కడప జిల్లా కమలాపురంలోనే. అమెరికాలో పొగ వంటకాలకు పేరుపడ్డ మెస్కీట్ చెట్టు దీనికి దగ్గరి చుట్టం. ఘాటు ఎక్కువ కనుక ఒక వంతు సర్కారు తుమ్మకు రెండు వంతులు మామిడి కలిపితే మంచి పొగ వస్తుంది. మామిడి ఒక్కటే అయితే మెత్తగా, కాస్త తీపిగా ఉంటుంది. జామ, చింత, నల్లతుమ్మ కూడా పనికివస్తాయి.

వేప వద్దు, దాని చేదు ఉప్పుకు కూడా పడుతుంది. నూనె నిండిన నీలగిరి వద్దు. గన్నేరు కొమ్మ పొరపాటున కూడా చేరకూడదు. ఆ చెట్టు అణువణువూ విషమే. ప్యాకింగ్ పెట్టెల చెక్క, రంగు వేసిన పాత కిటికీలు, చెదల మందు కొట్టిన దూలాలు వద్దు. కార్పెంటరు షాపులో మూటగా దొరికే పొట్టును కూడా నేను తీసుకోను. దానిలో ప్లైవుడ్ పొట్టు, జిగురు పొడి ఎంత కలిసిందో చూసి చెప్పలేము.

కట్టెను బెరడు తీసి, శనగగింజ నుండి రేగుపండు గింజ వరకు ఉండే సైజులో ముక్కలు కొట్టి, వారం పది రోజులు ఎండలో ఆరబెట్టండి. పిండిలా ఉన్న పొట్టును జల్లించి తీసివేయాలి. అది గాలి దారిని మూసివేస్తుంది. ముక్కలను నీటిలో నానబెట్టే అలవాటు కొందరికి ఉంది. తడి కట్టె నిప్పు మీద మొదట ఆవిరి విడుస్తుంది, ఆ ఆవిరి గొట్టంలో నీరై తారుతో కలిసి నల్లగా కారుతుంది. ఎండిన ముక్కలే కావాలి.

పొగ పెట్టె

మొదటిసారికి పెద్ద అట్టపెట్టె చాలు. చల్లని పొగకు అది కాలదు, పని అయ్యాక పారేయవచ్చు. అలవాటయ్యాక పాత రేకుల ట్రంకు పెట్టెను నిలువుగా నిలబెట్టి లోపల స్టీలు జల్లెడలు అమర్చుకోవచ్చు, కాని లోపలి రంగును పూర్తిగా గీకి తీసిన తరువాతనే. జనరేటరును కడప బండ ముక్క మీద గాని బేతంచెర్ల బండ మీద గాని పెట్టండి. సిమెంటు మిద్దె మీద నేరుగా వద్దు. పెట్టెను దానికి ఒకటిన్నర మీటరు దూరంలో, రెండు అడుగుల ఎత్తు స్టూలు మీద ఉంచి, రెంటికీ మధ్య వంటింటి చిమ్నీకి వాడే 4 అంగుళాల అల్యూమినియం పైపును కలపాలి. ప్లాస్టిక్ పొర ఉన్న చిమ్నీ పైపు వద్దు. పొగ గొట్టాన్ని ఈ పైపు నోటిలో వదులుగా ఉంచితే చుట్టూ ఉన్న చల్లగాలి కూడా కలిసి లోపలికి పోతుంది. సన్నని గొట్టం నుండి వెడల్పు పైపులోకి వచ్చిన పొగ వేగం తగ్గి, చల్లబడి, తన తారును ఆ గోడల మీదనే వదిలేస్తుంది. పెట్టె కింది భాగంలో పొగ లోపలికి, అవతలి వైపు పై మూలన బయటికి పోయేటట్లు రంధ్రాలు చేయాలి. బయటి రంధ్రం లోపలి రంధ్రం కంటే చిన్నది కాకూడదు. పొగను లోపల బంధిస్తే ఎక్కువ రుచి వస్తుందని అనుకోవడం సహజమే కాని, నిలిచిపోయిన పొగ చేదు జిడ్డుగా ఆహారం మీద దిగుతుంది. పొగ కదులుతూనే ఉండాలి.

పరీక్షలు

మొదటి పరీక్షకు నిప్పు అక్కరలేదు, ఒక అగరుబత్తి చాలు. జనరేటరు ఖాళీగా ఉండగా మూత పెట్టి, పంపు వేసి, వెలిగించిన అగరుబత్తి కొనను కింది రంధ్రానికి వేలెడు దూరంలో పట్టుకోండి. అగరుబత్తి పొగ వంగి, దారంలా సన్నబడి రంధ్రంలోకి పోతూ, అవతలి గొట్టం నుండి బయటికి రావాలి. లోపలికి పోకుండా చెదిరిపోతే గాలి గొట్టాన్ని కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూ, లేదా ముందుకు తోస్తూ చూడండి. ఒక చోట లాగుడు ఒక్కసారిగా పెరగడం కంటికి కనిపిస్తుంది. అక్కడ గొట్టం మీద మార్కరుతో గీత పెట్టుకోండి. తరువాత అగరుబత్తిని మూత అంచు చుట్టూ తిప్పండి. అక్కడ పొగ లోపలికి పోతూ ఉంటే మూత వదులుగా ఉన్నట్లు. మూత నుండి గాలి దిగితే పైన ఉన్న ముక్కలన్నీ ఒకేసారి అంటుకుంటాయి కనుక ఈ లోపాన్ని సరిచేయనిదే ముందుకు పోవద్దు. గోధుమపిండి ముద్దను అంచు చుట్టూ అద్దితే తాత్కాలికంగా సరిపోతుంది. బిర్యానీ గిన్నెకు పెట్టే పిండి ఇదే కదా.

రెండవ పరీక్ష ఆహారం లేకుండా రెండు గంటల పాటు నిప్పుతో చేయాలి. కొత్త స్టీలు మీద ఫ్యాక్టరీ నూనె, వెల్డింగ్ మసి ఉంటాయి, అవి పోవాలి. పైపును వేడి సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, కట్టె ముక్కలతో నింపి, పంపు వేసి, కింది రంధ్రానికి గ్యాసు టార్చి మంటను అర నిమిషం పాటు చూపించండి. టార్చి లేకపోతే, పొయ్యి మీద ఎర్రగా కాల్చిన చిటికెనవేలి కొనంత బొగ్గు ముక్కను పట్టకారుతో రంధ్రంలోకి తోయవచ్చు. కిరోసిన్ గాని, పెట్రోలు గాని, కర్పూరం గాని వాడవద్దు. వాటి వాసన కట్టెకు పట్టి చివరివరకూ వదలదు.

మొదటి పదిహేను నిమిషాలు పొగ తెల్లగా, దట్టంగా, ముక్కును పొడిచేటట్లు వస్తుంది. దానిని చూసి సంతోషించవద్దు. వాల్వును కొంచెం కొంచెంగా తిప్పుతూ గాలిని సర్దితే, పొగ పలచబడి, వెనుక గోడ కనిపించేటంత తేలికై, వాలు వెలుతురులో చూసినప్పుడు లేత నీలం రంగులో కనిపిస్తుంది. ఆ నీలిపొగే మీకు కావలసినది. దానిని గుర్తుపట్టడానికి ఉదయపు ఎండ ఏటవాలుగా పడే సమయం మంచిది. ట్యూబులైటు వెలుతురులో నాకు ఎప్పుడూ తెల్లగానే కనిపించింది.

ఇదే సమయంలో మూడవ పరీక్ష కూడా చేయవచ్చు. శుభ్రమైన స్టీలు పళ్ళెం ఒకటి తీసుకొని పొగ గొట్టం నోటికి జానెడు దూరంలో ఐదు నిమిషాలు పట్టుకోండి. పళ్ళెం మీద లేత పసుపు పొర పడితే మంచిది. గోధుమరంగు చుక్కలు పడి వేలికి జిగటగా అంటితే కట్టె తడిగా ఉంది, లేదా గాలి మరీ తక్కువగా ఉంది. అదే పళ్ళేన్ని పెట్టె లోపల, ఆహారం ఉండబోయే చోట ఒక గంట ఉంచి మళ్ళీ చూడండి. అక్కడ చుక్కలు అసలు ఉండకూడదు.

నాలుగవది తూకం. నా జనరేటరులో సుమారు 250 గ్రాముల ముక్కలు పడతాయి. వంటింటి త్రాసు మీద జనరేటరును నిప్పు పెట్టకముందు తూచి, పనిచేసిన గంట తరువాత కింద ఒక ఆరిన పలక వేసి మళ్ళీ తూచండి. గంటకు 40 నుండి 50 గ్రాములు తగ్గినప్పుడు నాకు నీలిపొగ నిలకడగా వచ్చింది, ఒకసారి నింపితే ఐదారు గంటలు నడిచింది. 80 గ్రాములు దాటితే నిప్పు మరీ వేడిగా ఉన్నట్లు, గాలి తగ్గించండి. అప్పుడప్పుడు ముక్కలు ఒకదానికొకటి వంతెనలా తగులుకొని కిందికి జారకపోవచ్చు. పొగ సన్నగిల్లగానే పైపును కట్టెపుల్లతో నాలుగుసార్లు తట్టండి, చాలు.

ఐదవది వేడి. పెట్టెలో పై జల్లెడ దగ్గర ఒక థర్మామీటరు, బయట నీడలో మరొకటి ఉంచి అరగంటకు ఒకసారి రెండూ రాసుకోండి. రెంటికీ మధ్య తేడా మూడు, నాలుగు డిగ్రీలకు మించకపోతే మీ పైపు పొడవు సరిపోయినట్లు. తేడా ఎక్కువైతే పైపును మరో మీటరు పెంచండి. ఈ అంకెలను ఒక పాత డైరీలో తేదీతో సహా రాసుకుంటే, మరుసటి ఏడాది చలికాలంలో మళ్ళీ మొదటి నుండి వెతుక్కోవలసిన అవసరం ఉండదు.

జాగ్రత్తలు

మూసిన గదిలో, మెట్ల కింద, వంటింట్లో దీనిని నడపవద్దు. గాలి చాలక రాజుకునే నిప్పు కార్బన్ మోనాక్సైడును విడుస్తుంది. దానికి రంగూ వాసనా లేవు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. పక్కన ఒక బకెట్ నీళ్ళు, ఒక తట్ట ఇసుక ఉంచండి. నిప్పు ఉండగా నిద్రపోవద్దు, ఇల్లు వదిలి పోవద్దు. పక్కింటివారు మిద్దె మీద బట్టలు ఆరేసుకుంటారేమో ముందురోజే అడిగి తెలుసుకోవడం మంచి పద్ధతి.

ఇక మాంసం. పొట్టేలు మాంసానికి, కోడికి, చేపకు ఈ పొగ పట్టిస్తే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. ఈ పరికరంతో పచ్చి మాంసానికీ పచ్చి చేపకూ పొగ పట్టించవద్దని స్పష్టంగా చెబుతున్నాను. 20, 25 డిగ్రీల వేడి సూక్ష్మజీవులకు హాయిగా ఉండే వేడి. పొగ వాసన మాంసం బాగుందనే భ్రమను కలిగిస్తుంది కాని దానిని కాపాడదు. కొన్ని సూక్ష్మజీవులు విడిచే విషం, ఆ తరువాత ఎంత ఉడికించినా పోదు. విదేశాలలో చల్లని పొగ పట్టించే మాంసానికి ముందుగా ఉప్పునూ నైట్రైటునూ మిల్లీగ్రాముల లెక్కన తూచి పట్టిస్తారు. అది వేరే విద్య, దానిని శిక్షణతోనే నేర్చుకోవాలి. పొగ రుచి ఉన్న మాంసం కూర కావాలంటే, పొగ పట్టిన ఉప్పుతోనూ కారంతోనూ కూర వండండి. రుచి అందుతుంది, ప్రమాదం ఉండదు.

మొదట ఏమి పెట్టాలి

కల్లుప్పుతో మొదలుపెట్టండి. అది చెడిపోదు, కరగదు, పొగ ఎలా పట్టిందో రంగుతో చెబుతుంది. వెడల్పు పళ్ళెంలో పలచగా పరిచి, నాలుగు నుండి ఆరు గంటలు ఉంచి, గంటకు ఒకసారి చేత్తో తిరగేయండి. తెల్లని ఉప్పు మెల్లగా ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది.

రెండవసారి ఎండు మిరపకాయలు. తొడిమలు తీయకుండా పెట్టాలి, తీస్తే లోపలి గింజలకు మసి చేరుతుంది. ఐదు గంటలు పొగ పట్టిన మిరపకాయలను దంచి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరిన ఎర్రకారాన్ని దోశకు పూసి తింటే, కట్టెల పొయ్యి మీద పెనం పెట్టిన రోజుల వాసన వస్తుంది. వేయించిన చెనిక్కాయలకు రెండు గంటలు చాలు. వాటిలోని నూనె పొగను వేగంగా పీల్చుకుంటుంది, ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతాయి. అలా పొగ పట్టిన గింజలతో ఊరిబిండి నూరి, వేడి రాగి సంగటితో పెట్టండి. గట్టి చీజును అంగుళం మందం ముక్కలుగా కోసి, గంటన్నర నుండి రెండు గంటలు పెట్టవచ్చు, పెట్టె వేడి 25 దాటని తెల్లవారుజామున మాత్రమే. పన్నీరులో తడి ఎక్కువ కనుక దానిని గంటసేపటికి మించి ఉంచకుండా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, ఆరోజే వాడేయాలి.

పెట్టె నుండి తీసిన వెంటనే రుచి చూసి నిరుత్సాహపడవద్దు. అప్పుడు నాలుకకు బూడిద నాకినట్లే ఉంటుంది. పైపొర మీద ఉన్న ఘాటు లోపలికి పాకి సర్దుకోవడానికి సమయం కావాలి. చీజును కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో వారం రోజులు, ఉప్పునూ మిరపకాయలనూ గాజు సీసాలో మూతబిగించి నాలుగు రోజులు ఉంచండి. సీసా మీద తేదీ, కట్టె పేరు, ఎన్ని గంటలు పట్టించారో రాసి అంటించండి. మామిడికీ సర్కారు తుమ్మకూ తేడా ఈ సీసాలను పక్కపక్కన పెట్టి మూత తీసినప్పుడే తెలుస్తుంది.

పని ముగిశాక పంపు ఆపి, కింది రంధ్రాన్ని తడి మట్టితో మూస్తే గాలి అందక నిప్పు ఆరిపోతుంది. ఆరిందని నమ్మి బూడిదను చెత్తబుట్టలో వేయవద్దు. నీళ్ళ బకెట్‌లో వంచి, మరునాడు మొక్కల మొదట్లో పోయండి. తారు పట్టిన పొగ గొట్టాన్నీ గాలి గొట్టాన్నీ చాకలి సోడా కలిపిన మరిగే నీటిలో అరగంట నానబెట్టి, సీసాలు తోమే సన్నని బ్రష్షుతో తోమితే నల్లని జిడ్డు పొరలుగా ఊడివస్తుంది. నాలుగైదు వాడకాలకు ఒకసారి ఈ పని చేయకపోతే, రెండు గొట్టాల మధ్య ఉన్న సన్నని సందు తారుతో మూసుకుపోయి లాగుడు తగ్గుతుంది. తోమి ఆరబెట్టిన తరువాత గాలి గొట్టాన్ని మార్కరు గీత దాకా తోసి, మళ్ళీ ఒకసారి అగరుబత్తి వెలిగించి కింది రంధ్రం దగ్గర పట్టుకొని చూడండి.